మానని దగ్గు: క్షయయా, ఊపిరితిత్తుల కాన్సరా?

మిరప తోటలో ఆకు ముడుచుకొన్నదనుకొనుడు. మహబూబాబాదు జిల్లా రైతు వెంటనే మందు డబ్బా చేతబట్టడు. ముందు ఆకును తిప్పి చూచును. అంచులు పైకి ముడుచుకొన్నచో తామర పురుగు. క్రిందికి ముడుచుకొన్నచో నల్లి. రెండింటి ముడతయు దూరము నుండి ఒకే విధముగ కనబడును. కాని ఒకదానికి కొట్టవలసిన మందు రెండవదానికి కొట్టినచో డబ్బును పోవును, రోజులును పోవును. 2021లో కొత్త రకపు తామర పురుగు పూతలో దూరి తోటలకు తోటలనే పాడుచేసినపుడు పది రోజుల ఆలస్యము ఎంత నష్టము తెచ్చునో ఈ ప్రాంతపు రైతులు కన్నులార చూచిరి.

మనిషికి వచ్చు దగ్గు విషయమునను ఇదే చిక్కు కలదు. క్షయయు, ఊపిరితిత్తుల కాన్సరును పైకి కవల పిల్లలవలె నుండును. దగ్గు, తెమడలో నెత్తురు, రొమ్ములో నొప్పి, ఆయాసము, మనిషి చిక్కిపోవుట, ఆకలి లేకుండుట ఇవి రెండింటను ఉండును. ఎక్సురే తీసినను కొన్ని సందర్భములలో రెండును ఒకే విధమైన తెల్లని మచ్చగా కనబడును. క్షయ మన దేశమున అధికముగా ఉన్న వ్యాధి; కనుక దగ్గువారిని చూడగానే వైద్యునికి మొదట క్షయయే తోచుట సహజము, న్యాయము కూడ. చిక్కంతయు ఆ తరువాత వచ్చును. క్షయ మందులు వాడుచున్నను దగ్గు తగ్గక, మనిషి ఇంకను చిక్కిపోవుచున్నను, "కోర్సు పూర్తి కానిమ్ము, అదియే తగ్గును" అని ఇంటివారు ఊరకుందురు. ఆ నెలలలో కాన్సరు ఊపిరితిత్తి దాటి కాలేయమునకో, ఎముకకో, మెదడునకో చేరును. మన దేశమున ఈ కాన్సరు రోగులలో అధికసంఖ్యాకులు ముదిరిన పిదపనే పెద్ద ఆసుపత్రికి చేరుచుండుటకు గల కారణములలో ఇది యొకటి.

ఒక ఉదాహరణ తీసికొందము. ఇది ఏ యొక్కరి కథయు కాదు, పలువురి విషయమున జరుగు తంతు. ఏబదియైదేండ్ల రైతు. పదునెనిమిదవ యేట బీడీ పట్టినాడు. వానాకాలము నాట్లప్పుడు దగ్గు మొదలైనది. వర్షములో తడిసితిని గదా అని మూడు వారములు మిరియాల కషాయము త్రాగినాడు. తరువాత ఊరిలోని వైద్యుని వద్ద సూదులు, దగ్గు మందు సీసాలు. పత్తి తీత కాలము వచ్చునప్పటికి తెమడలో ఎర్రని చార కనబడినది. అప్పుడు ఎక్సురే తీయించినారు, మచ్చ ఉన్నది. తెమడలో క్షయ క్రిమి కనబడలేదు. అయినను అనుమానము మీద మందులు మొదలుపెట్టినారు. సంక్రాంతి దాటినది, గొంతు బొంగురు పోయినది. యాసంగి వరి కోత నాటికి గాని నగరమునకు పోలేదు. మొదటి దగ్గునకును సరియైన పరీక్షకును నడుమ ఒక పంట కాదు, రెండు పంటల కాలము గడచినది. ఈ కాలమును తగ్గించుట ఎట్లు అనుటయే ఈ వ్యాసమున ముఖ్యవిషయము.

రోగ మెట్లు పుట్టును?

మన శరీరము కణములతో కట్టబడినది. పాత కణము చచ్చి, క్రొత్త కణము పుట్టుచుండును. దీనికొక కట్టుబాటు కలదు. ఊపిరితిత్తుల లోపలి గొట్టముల పొరలో ఒక కణము ఈ కట్టుబాటు తప్పి, అదుపు లేక పెరిగి గడ్డ కట్టుటయే ఊపిరితిత్తుల కాన్సరు. చేనిలోని తుంగ వంటిది ఇది. పైన కోసినంత మాత్రమున తుంగ చావదు గదా. నేలలోని గడ్డ మరియొక చోట మొలక వేయును. అట్లే కాన్సరు కణములు నెత్తురు ద్వారా, గ్రంథుల ద్వారా పోయి దూరమున మరల మొలకెత్తును. తుంగకును దీనికిని ఒక భేదము మాత్రము కలదు: తొలిదశలో పట్టినచో దీనిని గడ్డతో సహా తీసివేయుట సాధ్యమే.

ఇది అంటువ్యాధి కాదు. రోగి త్రాగిన గ్లాసులో నీరు త్రాగినను, ప్రక్కన పండుకొన్నను రాదు. క్షయ యని భ్రమపడి రోగిని వాకిట మంచములో వేరుగా ఉంచు ఇండ్లు గలవు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

2022లో ప్రపంచమంతట సుమారు 25 లక్షల మందికి ఈ రోగము క్రొత్తగా కనుగొనబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. ఆ సంవత్సరము మన దేశపు లెక్క సుమారు 80 వేలు. కాన్సరులన్నిటిలోను అధిక ప్రాణములు తీయుచున్నది ఇదియే.

తునికాకు అడవి నుండి మరల ఊరికి

కారణములలో మొదటిది పొగాకు. మిగిలినవన్నియు దాని తరువాతనే. పొగాకు పొగలో కాన్సరు కలిగించు పదార్థములు సుమారు 70 వరకు గలవు.

భూపాలపల్లి జిల్లాలో మహాదేవపురము, కాటారము వైపు అడవులలో ఎండాకాలము వచ్చినదనగా తెల్లవారుజామున ఊరంతయు తునికాకునకు కదలును. కోసిన ఆకును ఏబది చొప్పున కట్టలు కట్టి కల్లమున ఆరబెట్టుదురు. 1971 చట్టము నాటి నుండి ఈ ఆకు వ్యాపారము ప్రభుత్వ అదుపులో నున్నది. పంటలు లేని ఆ రెండు నెలలు ఎన్నో కుటుంబములకు ఈ ఆకే చేతి ఖర్చు. కనుక ఆకు కోయు చేతులను తప్పు పట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. కాని అదే ఆకు బీడీయై తిరిగి మన కిరాణా కొట్టుకే వచ్చుచున్నది.

"బీడీలో పొగాకు చిటికెడే గదా, పైగా అడవి ఆకు, సిగరెట్టు కన్న మేలు" అని పలువురు అనుచుందురు. ఈ నమ్మకము తప్పు. బీడీలో పొగాకు సిగరెట్టులోని దానికన్న తక్కువే, నిజము. కాని తునికాకు కాగితము వలె గాలిని లోనికి పోనీయదు. గట్టిగ, మాటిమాటికి పీల్చనిచో బీడీ ఆరిపోవును. అందుచే త్రాగువాడు తనకు తెలియకయే పొగను లోతుగ పీల్చును. బీడీ వలన వచ్చు తారు, విషవాయువు సిగరెట్టునకు తీసిపోవని, కొన్ని పరీక్షలలో మించియే ఉన్నవని తేలినది. చుట్ట సంగతియు ఇంతే. పొగ నోటనే ఉంచి వదలుదుమని చుట్ట త్రాగువారు చెప్పినను కొంత లోనికి పోవును. పోనిది నోటిని చెరచును. పల్లెలలో కొందరు వృద్ధ స్త్రీలకును చుట్ట అలవాటు కలదు గనుక ఈ హెచ్చరిక మగవారికి మాత్రమే కాదు.

పొగాకునకును ఈ కాన్సరునకును గల సంబంధము 1950లో రుజువునకు వచ్చినది. ఇంగ్లండులో రిచర్డు డాల్, బ్రాడ్‌ఫర్డు హిల్ అనువారు లండను ఆసుపత్రుల రోగులను ప్రశ్నించి లెక్కలు కట్టిరి. రోడ్లపై పోయు తారు ఇందుకు కారణమేమో యని డాల్ మొదట అనుమానించెను. లెక్కలు చూచి తానే సిగరెట్టు మానివేసెను. అదే సంవత్సరము అమెరికాలో విండర్, ఎవర్ట్స్ గ్రాహం అనువారును ఇదే సంగతి ప్రకటించిరి. ఈ గ్రాహం గొప్ప శస్త్రవైద్యుడు. 1933లో కాన్సరు సోకిన ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేసి రోగిని బ్రతికించిన ఘనుడు. ఆయనయు చిరకాలము సిగరెట్టు త్రాగినవాడే. తన లెక్కలు తానే చూచిన పిదప మానెను. కాని ఆలస్యమైనది. 1957లో ఆయన ఊపిరితిత్తుల కాన్సరు తోనే మరణించెను. ఆయన శస్త్రచికిత్స చేసిన ఆ రోగి ఆయన కన్న ఎక్కువ కాలము బ్రతికెను.

మానిన తరువాత కూడ వచ్చినది గదా, ఇక మానుట ఎందుకని ఎవరైన అడుగవచ్చును. పొగ మానిన పదేండ్లకు ఈ కాన్సరుతో చచ్చు భయము మానని వానితో పోల్చిన సుమారు సగమునకు తగ్గును. ఎంత ముందు మానిన అంత లాభము. పొలము గట్టున జత కూడినపుడు బీడీ ఇచ్చిపుచ్చుకొనుట మర్యాద యనుకొను ఆచారము వలన మానుట కష్టమగుచున్నది. ఇది ఒక్కని పట్టుదలతో తీరు పని కాదు, జట్టుగ మానిన సులువు. 1800-11-2356 అను జాతీయ ఉచిత ఫోను నంబరునకు మాటలాడినచో మానుటకు సలహా ఇత్తురు. ఈ నంబరు బీడీ కట్ట మీదనే అచ్చు వేయబడి యుండును.

పొగ త్రాగనివారికిని వచ్చును

బీడీ ముట్టని స్త్రీకి ఈ రోగము వచ్చినదని వినిన ఊరివారు నమ్మరు. కాని మన దేశమున ఈ రోగులలో పొగ త్రాగనివారు తక్కువేమియు కారు. ఇంటిలో ఇతరులు వదలు పొగ వారిని చేరును. పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు పెట్టి కిటికీ లేని వంటయింటిలో వండు పొగను కూడ కాన్సరునకు కారణము కాగల వానిలో చేర్చిరి. 1999లో ఉమ్మడి రాష్ట్రమున దీపం పథకము, 2016లో కేంద్రము వారి ఉజ్జ్వల పథకము వచ్చిన పిదప గ్యాసు పొయ్యి చాల ఇండ్లకు చేరినది. అయినను నీళ్ళు కాచుటకు, దాణా ఉడికించుటకు కట్టెల పొయ్యి వదలలేదు. ఆ పొయ్యిని ఇంటి లోపలి నుండి వాకిటిలోనికి జరిపినను కొంత మేలే.

ఇక పనిచోటి ధూళి. జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో రాతి క్వారీలు, కంకర మిల్లులు గలవు. రాయి తొలిచినపుడు లేచు సన్నని ఇసుక ధూళి సిలికా. ఇది సిలికోసిస్ అను జబ్బు తెచ్చుటే కాక కాన్సరునకును కారణమని 1997లో నిర్ణయించిరి. డీజిలు ఇంజను పొగను 2012లో ఆ పట్టికలోనే చేర్చిరి. భూపాలపల్లి సింగరేణి గనులలో పనిచేయువారు బొగ్గు ధూళిని గురించి అడుగుదురు. బొగ్గు ధూళి ఊపిరితిత్తులను నల్లబరచి గట్టిపరచు వేరొక జబ్బును తెచ్చును. కాన్సరు విషయమున మాత్రము దానిపై నేరము రుజువు కాలేదు. కాని గనిలో బండ తొలుచు ధూళియు, యంత్రముల డీజిలు పొగయు ఉండనే యున్నవి. నీరు చల్లుచు తొలుచుట, తగిన మాస్కు ధరించుట తప్పనిసరి. తలగుడ్డ ముక్కునకు కట్టుకొన్నంత మాత్రమున సన్నని ధూళి ఆగదు.

సిమెంటు రేకులలో ఆస్బెస్టాసు అను నార ఉండును. కప్పుగా ఉన్న మంచి రేకు క్రింద నివసించుట వలన భయపడనక్కరలేదు. రేకును రంపముతో కోయునపుడు, పగులగొట్టునపుడు ఎగురు ధూళి పీల్చుట ప్రమాదము. రేకును తడిపి, గాలికి ఎదురుగ నిలువక పని చేయవలెను. పగిలిన ముక్కలను పొడిచేసి బాటపై పోయరాదు. ఆస్బెస్టాసు ధూళి పీల్చినవాడు బీడీ కూడ త్రాగినచో అపాయము కలిసిన లెక్క కాదు, హెచ్చవేసిన లెక్క యగును.

పురుగుమందుల వలన రాదా యని రైతు సభలలో అడుగుదురు. పురుగుమందు వేరు విధముల హాని చేయును, జాగ్రత్త అవసరమే. కాని ఈ కాన్సరునకు ప్రధాన కారణము అది కాదు, పొగయే. మందు కొట్టిన చేతులు కడుగక బీడీ ముట్టించువాడు రెండు హానులను ఒకేసారి నోటికి తెచ్చుకొనుచున్నాడు.

ఎప్పుడు కదలవలెను?

రెండు వారములు మించిన దగ్గు ఏదైనను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి తెమడ పరీక్ష చేయించుకొనవలెను. ఈ పరీక్షయు, క్షయ అని తేలినచో మందులును ఉచితము. బీడీ త్రాగువారి విషయమున ఒక చిక్కు గలదు: వారికి దగ్గు ఎప్పుడును ఉండనే ఉండును. కనుక దగ్గు ఉన్నదా లేదా యని కాదు, పాత దగ్గు మారినదా యని చూడవలెను. ఉదయము మాత్రమే వచ్చునది రాత్రియు వచ్చుచున్నదా, తెమడ రంగు మారినదా, గొంతు బొంగురు పోయినదా గమనింపవలెను. తెమడలో నెత్తురు ఒక్క చార కనబడినను, మరునాడు ఆగిపోయినదని ఊరకుండరాదు. ఒకే ప్రక్క మాటిమాటికి నెమ్ము చేరుట, భుజము నుండి చేతి లోనికి దిగు నొప్పి, ముఖము, మెడ ఉబ్బుట, వ్రేళ్ళ చివరలు డోలు కర్ర కొనవలె లావగుట ఇవియు ఈ రోగ చిహ్నములు కావచ్చును. భుజము నొప్పిని బస్తాలు మోసిన నొప్పి యని తైలము రాయుచు నెలలు గడపినవారు గలరు.

క్షయ మందులు మొదలుపెట్టినవారు ఈ మాట మనసున నుంచుకొనవలెను. మందు సరిగ పనిచేయుచున్నచో కొన్ని వారములలోనే జ్వరము తగ్గి, ఆకలి పుట్టి, బరువు నిలబడును. రెండు నెలలకు మరల పరీక్ష చేయుదురు. క్రమము తప్పక మింగుచున్నను ఆ నాటికి మేలు కనబడనిచో, ముఖ్యముగ తెమడలో క్రిమి ఎన్నడును కనబడనివారు, నలుబది దాటినవారు, పొగ త్రాగువారు "ఇది వేరొక జబ్బేమో చూడుడు, సీటీ తీయింపుడు" అని వైద్యుని అడుగవలెను. అట్లు అడుగుట వైద్యుని తప్పు పట్టుట కాదు. తమంత తాము క్షయ మందులు మానివేయుట మాత్రము కూడదు. క్షయ నిజముగ ఉండి మానినచో అది మందులకు లొంగని మొండి క్షయగ మారును. రెండు రోగములు ఒకే మనిషికి ఉండుటయు కలదు. వెనుక క్షయ వచ్చి మానిన ఊపిరితిత్తిలో కాన్సరు భయము కొంత హెచ్చు.

సీటీలో గడ్డ కనబడినచో అది ఏదో తేల్చుటకు చిన్న ముక్క తీసి పరీక్షింతురు. గొట్టము ద్వారా గాని, పైనుండి సూది ద్వారా గాని తీయుదురు. "ముక్క కోసినచో రోగము రేగును" అను మాట ఊరూర విందుము. దీనికి భయపడి వెనుకకు తిరిగి వచ్చి పసరు మందులలో కాలము గడుపుట కన్న పెద్ద నష్టము లేదు. ముక్క పరీక్ష లేక ఏ రకపు కాన్సరో తెలియదు. రకము తెలియక మందు లేదు.

చికిత్స

రోగము ఒక ఊపిరితిత్తిలోనే ఉండి, మనిషికి శక్తి యున్నచో శస్త్రచికిత్స చేసి ఆ భాగమును తీసివేయుదురు. పూర్తిగ నయమగుటకు ఎక్కువ అవకాశము ఇచ్చట కలదు. శస్త్రచికిత్సకు వీలు కానిచోట కరెంటు పెట్టుట యని మనవారు పిలుచు కిరణ చికిత్స, సెలైనులో ఎక్కించు కీమో మందులు, లేక రెండును ఇత్తురు. చిన్న కణపు రకము సుమారు నూటికి పదిహేను మందిలో కనబడును. అది త్వరగ ప్రాకును గనుక దానికి శస్త్రచికిత్స అరుదు, మందులు, కిరణములే ముఖ్యము.

ఇటీవలి కాలమున వచ్చిన మార్పు ఒకటి చెప్పవలెను. తీసిన ముక్కలో కొన్ని జన్యు మార్పులను వెదకుదురు. మన దేశమున గ్రంథి రకపు ఊపిరితిత్తుల కాన్సరు గలవారిలో సుమారు నాలుగవ వంతు మందికి అట్టి మార్పు ఒకటి కనబడును. పొగ త్రాగని స్త్రీలలో ఇంకను ఎక్కువ. అట్టివారికి సెలైను బదులు దినమునకొక మాత్ర పనిచేయును. ముదిరిన రోగమును అది మాన్పలేకున్నను, మనిషి లేచి తిరుగుచు తన పని తాను చేసికొనునట్లు కొంతకాలము నిలుపును. శరీరపు రక్షణశక్తిని మేల్కొల్పు మందులును వచ్చినవి, ధర ఎక్కువ.

మందు లేదని చెప్పిన దశలోను చేయుటకు పని మిగిలియే యుండును. నొప్పి తగ్గించుట, ఆయాసము తేలిక చేయుట వైద్యములో భాగమే. నొప్పికి మార్ఫీను మందు సరియైన మోతాదులో ఇచ్చినచో దానికి అలవాటుపడు భయము చాల తక్కువ.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి 1955లో వెలసినది, ప్రభుత్వపుది. నొప్పి తగ్గించు విభాగము అచ్చట కలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద కాన్సరు చికిత్స కలదు. తెలంగాణమున 2023 డిసెంబరు నుండి దాని పరిమితి కుటుంబమునకు సంవత్సరమునకు పది లక్షల రూపాయలకు పెంచబడినది. జనగామ, మహబూబాబాదులకు సికింద్రాబాదు రైలు మార్గము కలదు. భూపాలపల్లివారికి రైలు లేదు. పరకాల మీదుగ హనుమకొండకు బస్సు పట్టవలెను. మొదట వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చూపించుకొని, అచ్చటి చీటీతో నగరమునకు పోవుట సులువు. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి గనుక మొదటి పరీక్షలకు జిల్లా దాటవలసిన అవసరము తగ్గినది.

గ్రామ అధికారులకు రెండు మాటలు. 2003 చట్టము, 2008 అక్టోబరు 2 నుండి అమలైన నియమముల ప్రకారము పంచాయతీ కార్యాలయము, రేషను దుకాణము, బస్సు స్టాండు వంటి చోట్ల పొగ త్రాగరాదు. 200 రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. బడికి నూరు గజముల లోపల పొగాకు సరకు అమ్మరాదు, పదునెనిమిదేండ్లు నిండని వారికి ఎచ్చటను అమ్మరాదు. జరిమానా కన్న ముందు గ్రామసభలో కార్యదర్శియే జేబులోని కట్టను పారవేసినచో నియమమునకు విలువ వచ్చును. ఊరిలో రెండు వారములకు మించి దగ్గువారి పేర్లు ఆశా కార్యకర్త వద్ద నుండవలెను. క్షయ మందులు రెండు నెలలు వాడియు మేలు చెందని వారి పేర్లు వేరుగ గుర్తుపెట్టుకొని ఆరోగ్య కేంద్రము వైద్యునకు చెప్పవలెను. ఈ రెండవ పట్టిక వ్రాయుట పెద్ద పని కాదు.

ఆసుపత్రికి బయలుదేరునపుడు ఆధారు, రేషను కార్డులతో పాటు పాత ఎక్సురే ఫిల్ములను, క్షయ మందుల కార్డును, తెమడ పరీక్ష చీటీలను ఒక సంచిలో పెట్టి తీసికొనిపోవుడు. ఎక్సురే ఫిల్మును పనికిరానిదని కిటికీ అద్దమునకు అంటించుటయో, పిల్లలకు గ్రహణము చూచుటకు ఇచ్చుటయో కొన్ని ఇండ్లలో కలదు. గ్రహణమును దాని గుండ చూచుట కంటికి హాని. అది వేరు సంగతి. రెండేండ్ల నాటి ఫిల్ములో అదే చోట అదే మచ్చ అంతే పరిమాణమున ఉన్నదని కనబడినచో అది పాత క్షయ మచ్చ కావచ్చునని వైద్యుడు ఊహించగలడు. అప్పుడు లేనిది ఇప్పుడు వచ్చినచో, లేక చిన్నది పెద్దదైనచో, ఆ దినముననే సీటీకి వ్రాయును.